ఒక్కదాన్నే చూసిన కోట

విదేశంలో చదువుకుంటున్న మా అమ్మాయి సెలవుల్లో ఒక్కతే పారిస్ వెళ్ళి, రోజంతా కాళ్ళరిగేలా తిరిగి, ఫోటోలు పంపింది. ఇంటిల్లిపాదీ మురిసిపోయాం. మా వారైతే వీధిలో కనబడ్డ వాళ్ళనల్లా ఆపి, "ఒక్కతే అండీ! అక్కడి భాష ఒక్క ముక్క రాదు!" అని చెప్పుకున్నారు.

ఆ వారంలోనే నేనూ నోరు విప్పాను. "గండికోట చూడాలనుంది. ఒక్కదాన్నే పోయొస్తా."

మా వారు పేపరు దించి, "ఏం, అమ్మతో ఏమన్నా మాట పట్టింపా?" అన్నారు.

చూశారా వింత! కూతురు పారిస్‌లో ఒంటరిగా తిరిగితే ధైర్యం. తల్లి ప్రొద్దుటూరు నుంచి పొద్దున పోయి దీపాలవేళకు తిరిగొచ్చే గండికోటకు ఒంటరిగా పోతానంటే, ఇంట్లో ఏదో గొడవ!

"చూసిందేగా, మళ్ళీ ఎందుకు?" అన్నారు. నిజమే, మూడుసార్లు వెళ్ళాను. మొదటిసారి చంకలో పిల్ల. రెండోసారి చుట్టాలు, పులిహోర డబ్బాలు, మంచినీళ్ళ లెక్క. మూడోసారి మా మరిది కొడుకు వెంట పరుగు. అందరూ గండిని చూశారు. నేను మాత్రం గండి అంచున వాడి చొక్కా కాలరును చూశాను.

చివరికి అబద్ధమాడాను. జమ్మలమడుగులో తెలిసినవాళ్ళింట్లో నోమని చెప్పి బస్సెక్కాను. జమ్మలమడుగు నుంచి గండికోట పదిహేను కిలోమీటర్లు, ఆటోలో వెళ్ళాను.

కోట వాకిలి దాటాక ఎవరికోసమూ ఆగనక్కరలేదని గుర్తొచ్చి, కాసేపు కాళ్ళు కదలలేదు. తరవాత నింపాదిగా తిరిగాను. జామియా మసీదు, దాని పక్కనే కొండంత ధాన్యాగారం, కొంచెం దూరంలో మాధవరాయస్వామి గుడి. గోపురం నిలబడే ఉంది, గర్భగుడిలో దేవుడు లేడు. అయినా చేతులు జోడించాను. ఎవరి పేరున మొక్కాలో తోచక, మొదటిసారి ఏమీ కోరకుండా బయటికొచ్చాను.

గండి అంచుకు కాస్త ఇవతలగా, ఎర్రటి బండమీద కూర్చున్నాను. కింద ఎక్కడో లోతున పెన్న. కొండను కోసుకుంటూ పోయిన నీళ్ళకి ఎన్ని యుగాలు పట్టిందో! పెమ్మసాని నాయకులు ఏలిన కోట ఇది. 17వ శతాబ్దం నడుమ గోల్కొండ తరఫున మీర్ జుమ్లా గెలుచుకున్నాడు. 1652లో ఆయన్ను కలవడానికి, నగల బేరం మీద, తవెర్నియే అనే వర్తకుడు ఇక్కడికొచ్చాడు. ఎక్కడివాడనుకున్నారు? పారిస్‌లో పుట్టినవాడు! కర్ణాటక రాజ్యంలో గట్టి కోటల్లో ఇదొకటని రాసిపెట్టాడు. వాడు అంతదూరం నుంచి వచ్చి చూడొచ్చు, నేను పక్కూరి నుంచి రావడానికి నోము కావలసివచ్చింది.

హాయిగా నవ్వుకున్నాను. ఆ నవ్వులోనే గుండెలో ముల్లు గుచ్చుకున్నట్లయింది. ఇంటిదగ్గర వాళ్ళు అన్నాలు తిన్నారో లేదో! ఇంత అందం ఒక్కదాన్నే చూడ్డం స్వార్థం కాదూ?

ఇంట్లో ఒక లడ్డు మిగిలితే నాలుగు ముక్కలు చేసే చేతులు మనవి. దాచుకుని తినడం తప్పని చిన్నప్పుడే నేర్పారు. అది మంచి మాటే. కానీ లడ్డు నేను తింటే ఇంకొకరికి తరుగుతుంది. గండి నేను చూస్తే తరగదే! రోజుకో గంట నాదని అనుకుంటే, ఎవరి వాటా నేను లాక్కున్నట్లు?

మరి ఆ ముల్లు ఎందుకు? ఆలోచించగా తెలిసింది. తప్పు రావడంలో లేదు, నోములో ఉంది. అబద్ధం చెప్పడంతో, ఒంటరిగా రావడం తప్పేనని నేనే సంతకం పెట్టిచ్చాను. నా వెనక రాబోయే ఇంకో ఆడదాని దారికి కూడా అడ్డం పెట్టాను.

ఆ రాత్రి అన్నాల దగ్గర ఉన్నది ఉన్నట్లు చెప్పేశాను. మా వారి ముఖం చిన్నబోయింది. "అడిగితే వద్దంటానా?" అన్నారు.

"అడిగాను గదండీ!"

ఆయన మజ్జిగ పోసుకున్నారు. మా అత్తగారు మాత్రం చెయ్యి కడుక్కోకుండా అట్లాగే కూర్చుండిపోయింది. "నేను ఈ ఇంటికొచ్చి యాభై ఏండ్లు దాటె. ఒక్కతూరి గూడా సూడల్యా" అంది.

ముల్లు మళ్ళీ గుచ్చుకుంది. నా చోటు కోసం తగువాడిన దాన్ని, ఆమెకూ ఒక చోటు కావాలని ఏనాడైనా అడిగానా?

తరువాతి నెల ఆమెను తీసుకెళ్ళాను. చెయ్యి పట్టి నడిపించి, గొడుగు పట్టి, మంచినీళ్ళందించి, గండి కనబడే బండమీద కూర్చోబెట్టాను. తవెర్నియే కథ మొదలుపెట్టాను. ఆమె నావైపు తిరగలేదు.

"అమ్మా, నువ్వు అట్లా గుడి దిక్కు పోయిరా. నేను శానాసేపు ఒక్కదాన్నే కూర్చుంటా" అంది.

నవ్వొచ్చింది. గొడుగు ఆమె పక్కన పెట్టి లేచాను.