సేవయు గౌరవమును

లోకమున పదవులు పెక్కులు గలవు. తనకు సేవచేయువా రెందఱు గలరో దానినిబట్టి పదవీధరుని గొప్పతన మెన్నుట సామాన్యముగా మన వాడుక. సేవచేయుటయే పదవిగా గలవా డొక డుండిన నాతని నెట్లు గౌరవింపవలయును? అమెరికాలోని ఎపిస్కోపల్ సంఘమునందలి డీకను పదవి యీ ప్రశ్నను మనయెదుట నుంచుచున్నది.

ఆంగ్లికను కుటుంబమునకు జేరిన యీ సంఘమున బిషప్పు, గురువు, డీకను అను మూడు పట్టములు గలవు. డీకను అనునది గ్రీకుభాషనుండి వచ్చిన మాట. పరిచారకు డని దాని యర్థము. యెరూషలేములో ననుదినము సహాయము పంచునపుడు గ్రీకుభాష మాటలాడువారి విధవలను ఉపేక్షించుచున్నారని సణుగు పుట్టగా, దానిని సరిదిద్దుటకై స్తెఫను మొదలగు నేడుగుర నేర్పఱచిరని అపొస్తలుల కార్యములు తెలుపుచున్నవి. అచ్చట వారి కీ బిరుదు లేకున్నను, సంప్రదాయము వారినే యీ పదవికి మూలపురుషులుగా నెంచినది. కావున నన్యాయమును బాపుటయే దీని పుట్టుక యనదగును.

డీకనులు ఆరాధనలో సువార్త చదువుదురు, బల్లను సిద్ధపఱతురు, తుదకు జనులను లోకములోనికి సాగనంపుదురు. రొట్టెను ద్రాక్షారసమును ప్రతిష్ఠించుటయు, పాపక్షమాపణ ప్రకటించుటయు వారి పనులు గావు. వారిలో పెక్కురు జీతము గొనక, వేఱువృత్తిచే జీవించుచు, ఆసుపత్రులలోను చెఱసాలలలోను నిలువ నీడలేనివారి నడుమను బనిచేయుదురు. లోకముయొక్క యక్కఱలను, చింతలను, ఆశలను సంఘమునకు దెలియజెప్పుటయు డీకను విధియే యని 1979వ సంవత్సరపు ప్రార్థనగ్రంథము విధించుచున్నది. ఈ కడపటి విధియే ముఖ్య మని మా తలంపు.

అయినను ఈ పదవికి దగిన మన్నన చిరకాలము లభింపలేదు. గురువు కాగోరువాడు ముందుగా డీకను కావలసియుండుటచే, పలువురు దీనిని మేడకెక్కు మెట్టుగానే చూచిరి. స్త్రీల విషయమున నింకను వింత జరిగినది. కెంక్రేయ సంఘమునందలి ఫీబేను పౌలు ఈ పేరుతోనే పేర్కొనియుండగా, ఎపిస్కోపల్ సంఘము 1889లో స్త్రీలకు డీకనెస్ అను వేఱొక పేరిచ్చి వేఱుగా నుంచినది. వారును డీకనులే యని యొప్పుకొనుటకు 1970వ సంవత్సరము రావలసివచ్చెను. సేవ స్వీకరించుటకు సందేహింపని సంఘము, సమానమైన పేరిచ్చుటకు ఎనుబదియేండ్లు సందేహించినది!

మెట్టుపైనే నిలిచియు ఔన్నత్యము బొందవచ్చు ననుటకు డేవిడ్ పెండిల్టన్ ఓకర్‌హేటర్ నిదర్శనము. ఈతడు షయాన్ తెగకు జెందిన యోధుడు. 1875లో విచారణ లేకయే ఫ్లోరిడాలోని మారియన్ కోటలో బంధింపబడెను. విడుదలయైన పిమ్మట 1881లో డీకను పట్టము బొంది, ఇప్పటి ఓక్లహోమా ప్రాంతమున దనవారియొద్దకు మరలిపోయెను. 1931లో మరణించువఱకు డీకనుగానే యుండెను. 1985లో సంఘము తన స్మరణదినముల పట్టికలో నాతని పేరు జేర్చినది. తన్ను బంధించినవారిమీద పగ బూనక తనవారికి పరిచర్య చేసిన యీతనికంటె నే పై పదవివాడు గొప్పవాడు?

సేవకై కొందఱిని నియమించిన తక్కినవారు చేతులు ముడుచుకొని కూర్చుండరా యని కొంద ఱాక్షేపింపవచ్చును. ఈ భయము నిరాధారము గాదు. అందఱి ధర్మమును ఒక్కనిపై నుంచి నిశ్చింతగా నిద్రించుట మనుష్యులకు సులభమే. కాని డీకను మనకు బదులుగా సేవచేయువాడు గాడు. మనలను సేవకు బిలుచువాడు. రోగి బాధను, ఖైదీ యేకాంతమును కన్నులార జూచివచ్చి యాతడు చెప్పినపుడు వినినవాడు లేచి వెంటనడువవలయును. అట్లు నడువని సంఘమున డీకను వట్టి యలంకారమే.

ఇం దొక ధర్మసూక్ష్మము గలదు. సేవచేయువానికి మాటయు నుండవలయును. బల్ల సర్దిన చేతులే గ్రంథమును విప్పుచున్నవి; అన్నము పంచిన నోరే యక్కఱలను విన్నవించుచున్నది. మాట లేని సేవ దాస్యమునకు సమీపించును. మన యిండ్లలో నందఱికిని వడ్డించి కడపట భుజించు నామెను అన్నపూర్ణ యని పొగడుదుము. ఇంటివిషయములు నిర్ణయించునపుడు మాత్ర మామె మాట యడుగము. ఇది గౌరవ మగునా?

సేవకుని గౌరవించుట యనగా నాతనికి పూలదండ వేయుట గాదు. ఆతడు చూచివచ్చినదానిని వినుట, వినినదానికై లేచుట. ఈ పాటి గౌరవమును మన మెవరికి ఋణపడియున్నామో చదువరులు తమ యింటినుండియే లెక్కింప నారంభింతురు గాక.