ఇరువదియారు కిలోల సంచి

ధ్యానభాగములు: నిర్గమకాండము 30:11–16, లేవీయకాండము 5:7–11, 1 రాజులు 12:1–18



బియ్యపు సంచి అనగా 25 కిలోలు. ఇది మన యిండ్లలో చిన్నపిల్లలు సైతము ఎరిగిన లెక్క. అయితే 2022 సంవత్సరము జూలై నెల తరువాత మన తెలుగువారి బజారులలో 26 కిలోల సంచి అమ్మకమునకు వచ్చెను. మిల్లు యజమానులు ఉదారులై ఒక కిలో అధికముగా పోయుచున్నారని ఎవరును తలంచలేదు. ఆ కిలోకు కూడ వెల కట్టియే అమ్మిరి. దాని వెనుక నున్నది పన్ను.

2017 జూలై 1 న వస్తు సేవల పన్ను, అనగా మనము జి.ఎస్.టి. అని పిలుచుచున్నది, దేశమంతట అమలులోనికి వచ్చెను. అప్పుడు, పేరు నమోదైన కంపెనీ సరుకునకు తప్ప, తక్కిన బియ్యమునకు, గోధుమపిండికి, పప్పులకు పన్ను లేదు. 2022 జూన్ 28, 29 తేదీలలో చండీగఢ్‌లో కూడిన జి.ఎస్.టి. మండలి 47వ సమావేశము ఆ వరుసను మార్చినది. జూలై 18 మొదలుకొని, ముందుగానే తూచి, సంచిలో కట్టి, పైన చీటి అంటించిన ధాన్యము, పిండి, పప్పులు 25 కిలోల వరకు ఎంతదైనను నూటికి 5 రూపాయల పన్ను. పెరుగు, మజ్జిగ ప్యాకెట్లకును, అట్లే కట్టిన బెల్లమునకును ఆ పన్నే. 25 కిలోలు దాటిన సంచికి లేదు. అంగడిలో విడిగా తూచి యిచ్చు సరుకునకు లేదు. గనుక మిల్లువారు మరియొక కిలో పోసి సంచి కుట్టిరి. పన్ను పోయెను.

కిలో 50 రూపాయలనుకొందము. 10 కిలోల సంచి కొనువాడు 500 రూపాయల బియ్యమునకు 25 రూపాయలు పన్ను కట్టును. 26 కిలోల సంచి కొనువాడు 1300 రూపాయలిచ్చి, పన్ను క్రింద ఒక్క పైసయు కట్టడు. మరి 1300 రూపాయలు ఒక్కసారిగా చేతినుండి తీయగలవాడెవడు? నెల జీతము గలవాడు తీయును. పంట అమ్మి డబ్బు తెచ్చుకొన్న రైతు తీయును. మిరపకాయల కోతకు పోయి సాయంకాలము కూలి డబ్బుతో అంగడికి వచ్చు స్త్రీ తీయలేదు. అట్టి సహోదరి యొకతె నన్ను ఇట్లడిగెను: "అయ్యగారూ, చిన్న సంచికి పన్నేంది, పెద్ద సంచికి లేకపోవడమేంది? పెద్ద సంచి కొనేంత డబ్బుంటే నేను చిన్న సంచి ఎందుకు కొంటాను?"

న్యాయము కొరకు రెండవ వైపు కూడ చెప్పవలెను. కార్డుగల కుటుంబములకు చౌకదుకాణములో మనిషికి 5 కిలోల చొప్పున వచ్చు కేంద్రపు ధాన్యము 2023 జనవరి నుండి ఉచితముగానే యిచ్చుచున్నారు. అది నెలంతటికి చాలనప్పుడే అంగడికి పోవుదురు. అంగడివాడు 26 కిలోల సంచి విప్పి కిలో, రెండు కిలోలు తూచి యిచ్చినయెడల ఆ బియ్యముపై పన్ను లేదు. అయితే 25 కిలోల సంచి విప్పి తూచినయెడల, అతడు కొన్నప్పుడు కట్టిన పన్ను ధరలోనే దాగియుండును. చీటి లేదు, లెక్క లేదు. కట్టినట్లు ఆ స్త్రీకి తెలియనే తెలియదు. అమ్మకపు పన్నుయొక్క గుణమిదియే. ఆదాయపు పన్ను కట్టువాడు ఏడాదికొకసారి దానిని తలచి నిట్టూర్చును. అమ్మకపు పన్ను కట్టువాడు ప్రతి దినము కట్టును, ఎన్నడును తలంచడు. అందుచేతనే ప్రభుత్వములకు దీనిని పెంచుట సులభమని నాకు తోచుచున్నది.

"ధనవంతునికైనను, దరిద్రునికైనను ఒకే సరుకు, ఒకే పన్ను. దేవుడు పక్షపాతి కాడు గదా, ఇది న్యాయమే" అని చదువుకొన్నవారు కొందరందురు. ఈ మాటకు బైబిలులో ఆధారము కూడ చూపుదురు. నిర్గమకాండము 30వ అధ్యాయములో ఇశ్రాయేలీయులను లెక్కించినప్పుడు ప్రతివాడును అరతులము ఇయ్యవలెను. ధనవంతుడు అంతకంటె ఎక్కువ ఇయ్యరాదు, బీదవాడు తక్కువ ఇయ్యరాదు. ఆధారము ఉన్నది. అయితే ఆ అరతులము దేనికి? అది ప్రాణమునకు పరిహారము. షావుకారి ప్రాణమును, పాలేరు ప్రాణమును దేవుని యెదుట ఒకే వెల గలవి. అక్కడ ధనవంతుడు ఎక్కువ యిచ్చినయెడల తన ప్రాణము ఎక్కువదని గర్వించును. బీదవాడు తక్కువ యిచ్చినయెడల తన ప్రాణము తక్కువదని కుంగును. అందుకే సమానము.

అదే మోషే ధర్మశాస్త్రము అర్పణల సంగతి వచ్చినప్పుడు వేరుగా మాటలాడుచున్నది. లేవీయకాండము 5వ అధ్యాయము చూడుడి. అపరాధి గొఱ్ఱెపిల్లనో మేకపిల్లనో తేవలెను. అంత శక్తి లేనివాడు రెండు గువ్వలనో రెండు పావురపు పిల్లలనో తేవచ్చును. అదియు చేతకానివాడు కొంచెము గోధుమపిండి తెచ్చిన చాలును. తప్పు ఒక్కటే, క్షమాపణ ఒక్కటే, బరువు మాత్రము మోయువాని భుజమును చూచి పెట్టబడినది. మన ప్రభువు పుట్టినప్పుడు ఆయన తల్లిదండ్రులు దేవాలయమునకు తెచ్చినది పక్షుల అర్పణయే (లూకా 2:24). ప్రాణపు వెల యందు సమానత్వము, బరువు మోయుట యందు శక్తికొలది: ఈ రెంటిని కలిపివేయుట వలననే పన్నుల చర్చలో సగము గందరగోళము పుట్టుచున్నది. అమ్మకపు పన్ను బరువుల పన్ను. 25 రూపాయలు నెలకు 60,000 తెచ్చువాని కంటికి ఆనవు. దినమునకు 300 తెచ్చు స్త్రీకి అవి ఆ పూట కూర.

ఈ చర్చ మన దేశమునకు క్రొత్త కాదు. 1923లో దొరల ప్రభుత్వము తన లోటును పూడ్చుకొనుటకు ఉప్పు పన్నును మణుగుకు రూపాయి నాలుగణాల నుండి రెండు రూపాయల ఎనిమిదణాలకు, అనగా రెండింతలకు, పెంచదలచెను. కేంద్ర శాసనసభ ఒప్పుకొనలేదు. వైస్రాయి రెడింగు ప్రభువు తన ప్రత్యేకాధికారముతో దానిని అమలు చేసెను. మరుసటి యేడే మరల తగ్గింపవలసి వచ్చెను. ఉప్పు ధనవంతుడును, దరిద్రుడును సరిసమానముగా తిను వస్తువు గనుక ఆ పన్ను గాయము లోతుగా తగిలెను. 1930లో గాంధీగారు దండి యాత్రకు ఉప్పునే ఎన్నుకొనుటలో ఆశ్చర్యము లేదు.

అమ్మకపు పన్ను మాత్రము మన వారి చేతనే వచ్చినది. మార్కాపురం తాలూకా అప్పుడు కర్నూలు జిల్లాలో, మద్రాసు రాష్ట్రములో నుండెను. రాజాజీగారి ప్రభుత్వము 1937లో సేలం జిల్లాలో మద్యనిషేధము మొదలుపెట్టి, కల్లు సారాయిల రాబడి తగ్గుటచేత 1939లో సాధారణ అమ్మకపు పన్నును తెచ్చెను. వర్తకులు గట్టిగా ఎదిరించిరి. ఆయన పెట్టిన పన్ను బీదవానిని కూడ తాకినది, నిజమే. అయినను త్రాగుబోతు ఇంటి ఆకలి మీద వచ్చు డబ్బును విడిచిపెట్టి, అందరి నుండి కొంచెము కొంచెము అడిగిన ఆ తూకమును నేను గౌరవించుచున్నాను. నేడు సంగతి తలక్రిందులైనది. త్రాగు మద్యము రాజ్యాంగము ప్రకారమే జి.ఎస్.టి.కి వెలుపల నున్నది. దాని రాబడిని రాష్ట్రములు తమకే ఉంచుకొన్నవి. మన రాష్ట్రములో 1995లో వచ్చిన సంపూర్ణ మద్యనిషేధము 1997లో ఎత్తివేయబడినప్పుడు, ఖజానా లోటు అందుకు చెప్పబడిన కారణములలో ఒకటి. మద్యపు డబ్బు నుండి తప్పించుటకు పుట్టిన అమ్మకపు పన్ను బియ్యమును చేరుకొనెను. మద్యపు డబ్బును ఖజానాలోనే నిలిచెను.

2022లో బియ్యపు పన్ను పార్లమెంటులో పెద్ద అల్లరియైనది. ధరల పెరుగుదల మీదను, ఈ పన్ను మీదను వెంటనే చర్చ కావలెనని పట్టుబట్టిన లోక్‌సభ సభ్యులు నలుగురు జూలై 25 న, రాజ్యసభ సభ్యులు 19 మంది మరునాడు సస్పెండు చేయబడిరి. ఆగస్టు 2 న ఆర్థికమంత్రి నిర్మలా సీతారామన్‌గారు రాజ్యసభలో జవాబిచ్చిరి. ధాన్యముపై పన్ను క్రొత్తది కాదు, జి.ఎస్.టి.కి ముందు రాష్ట్రములు వసూలు చేసినవే. మండలిలో ఏ రాష్ట్రమును కాదనలేదు: ఇది ఆమె వాదము. పంజాబు ఒక్కటే ధాన్యము కొనుగోలు పన్నుగా 2,000 కోట్ల రూపాయలకు పైగా రాబట్టుకొన్నదని ఆమె అంతకుముందే చెప్పియుండిరి. కొన్ని కంపెనీలు తమ పేరుపై హక్కును వదలుకొన్నామని వ్రాసి 5 రూపాయల పన్ను ఎగవేయుచుండుటచేత ఈ మార్పు వచ్చెననుటయు నిజమే.

మండలిలో కేంద్రమునకు మూడవ వంతు ఓటు, రాష్ట్రములన్నిటికి కలిపి మిగిలిన రెండు వంతులు. నాలుగింట మూడు వంతుల బలము లేనిదే తీర్మానము నెగ్గదు. గనుక వీధిలో కేకలు వేసిన పార్టీలలో కొన్నిటి మంత్రులు ఆ గదిలో కూర్చున్నవారే. అందరును ఒప్పుకొనిరన్నది మంత్రిగారికి జవాబు కావచ్చును. మిరపకోత సహోదరికి కాదు. ఆమె అడిగినది ఎవరు ఒప్పుకొనిరని కాదు.

రెహబాము రాజైన దినములలో జనులు వచ్చి, మీ తండ్రి పెట్టిన కాడిని కొంచెము తేలిక చేయుమనిరి. అతడు మూడు దినములు గడువు తీసికొనెను. తొందరపడలేదు, ఆలోచన కూడ అడిగెను. పెద్దలు ఒకటి చెప్పిరి. తనతో పెరిగిన యౌవనస్థులు మరియొకటి చెప్పిరి. అతడు యౌవనస్థుల మాట విని రాజ్యము పోగొట్టుకొనెనని మనము ప్రసంగములలో చెప్పుకొనుచున్నాము. నేను గమనించినది వేరొకటి. ఆ మూడు దినములలో అతడు పిలిచి మాటలాడిన వారందరు రాజనగరు వారే. కాడి మోసినవారిని ఒక్కనినైనను పిలిచి, ఏ చోట ఒరుసుకొనుచున్నదని అడిగినట్లు ఆ అధ్యాయములో లేదు. 2022లో అట్టివారిని ఎవరైన పిలిచి అడిగియుండినయెడల, 25 కిలోల దగ్గర గీత గీయుట ఎవరికి మేలో ఒక్క నిమిషములో చెప్పియుందురు.

2025 సెప్టెంబరు 22 నుండి పన్ను మెట్లను ముఖ్యముగా 5, 18 అని రెండింటికి తగ్గించి, విలాసములకు 40 అని నిర్ణయించిరి. పనీరుకును, రొట్టెలకును పన్ను తీసివేయబడినది. నెయ్యి మీద 12 నుండి 5కు తగ్గినది. సంతోషము. చీటి అంటించిన బియ్యపు చిన్న సంచి మాత్రము 5 దగ్గరనే నిలిచినది. పనీరు తినువారి మొర వినబడినంతగా చిన్న సంచివారి మొర వినబడలేదని వ్రాయుటకు నేను సందేహింపను.

పన్నులే వద్దనువారితో నేను ఏకీభవింపను. పెద్దారవీడు వంటి మెట్ట ప్రాంతమున నుండి ఆ మాట అనుట మరియు తప్పు. మన బోరు నీళ్లలో ఫ్లోరైడు ఉన్నది. ఆ నీళ్లు త్రాగి ఎముకలు వంగిన వృద్ధులను మనము ఎరుగుదుము. కృష్ణా జలములను తెచ్చుటకు నల్లమల క్రింద వెలిగొండ సొరంగములు తొలిచిన డబ్బు పన్నుల డబ్బే. రోమా పత్రిక 13వ అధ్యాయములో పౌలు పన్ను ఇయ్యుడని చెప్పినది తినుటకు లేనివారి ప్రక్కన నిలువబడియే.

మరి విశ్వాసి 26 కిలోల సంచి కొనవచ్చునా అని సంఘములో ఒక యౌవనస్థుడు అడిగెను. కొనవచ్చును. గీత గీసినది చట్టమే. గీత అవతల నిలుచువాడు దొంగ కాడు. బిల్లు లేని అమ్మకము వేరు. కొనువాని యొద్ద పన్నుతో కలిపి ధర తీసికొని, చీటి యియ్యక, ఆ పన్నును తన పెట్టెలో వేసికొను వర్తకుడు ద్వితీయోపదేశకాండము 25:13లో నిషేధింపబడిన పెద్ద రాయి, చిన్న రాయి రెంటిని ఒక్క సంచిలోనే మోయుచున్నాడు. "బిల్లు లేకుండయైతే తగ్గించి యిస్తాను" అను మాటకు తలయూపు కొనువాడు అందులో పాలివాడే. మందిరములు కట్టు సంఘములలో కూడ ఈ మాట వినబడుచున్నది. సిమెంటు మీద పన్ను 28 ఉన్నప్పుడు దానిని శోధన అనిరి. 2025 సెప్టెంబరులో 18కి తగ్గిన తరువాత కూడ అలవాటు తగ్గలేదు. పది కిలోల బియ్యమునకు ఆ కూలి స్త్రీ 25 రూపాయలు కట్టుచుండగా, ఆమె కానుక కూడ కలిసిన మందిరపు డబ్బుతో మనము బిల్లు లేని సిమెంటు కొని, ఆదా చేసితిమని లెక్కల పుస్తకములో వ్రాసికొనుటయా? సంఘ కోశాధికారులు ఈ సంగతిని తమ కమిటీలలో పెట్టవలెనని కోరుచున్నాను.

ఎన్నికలలో మన వాకిటికి వచ్చువారు ఏ పార్టీవారైనను, మండలిలో కూర్చుండు రాష్ట్ర మంత్రి వారి వాడో, కేంద్ర మంత్రి వారి వారో, ఎప్పుడో ఒకప్పుడు అయియుందురు. రోడ్డు, కుళాయి, ఇండ్ల స్థలము అడిగిన తరువాత ఇంకొకటి కూడ అడుగుడి: 10 కిలోల సంచికి పన్నెంత, 26 కిలోల సంచికి పన్నెంత? ఈ ప్రశ్నను పాస్టరు అడుగుటకంటె చిన్న సంచి కొనువారే అడుగుట మేలు. వారు అడుగుచుండగా మనము ప్రక్కన నిలువబడుదము.