ఎవరి జేబు?

ఆరోగ్య ఆర్థికశాస్త్రంలో ‘జేబు నుంచి పెట్టే ఖర్చు’ అన్న మాట చూసినప్పుడల్లా ఎవరి జేబు అని అడగాలనిపిస్తుంది. చీరకు జేబుండదు. కొంగుముడి ఉంటుంది, పోపులడబ్బా ఉంటుంది, మెడలో పుస్తెలుంటాయి. లెక్క అక్కడిదాకా రాదు.

గర్భసంచి ఆపరేషన్నే తీసుకుందాం. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల స్త్రీలలో దేశం మొత్తమ్మీద అది అయినవారు నూటికి ముగ్గురు. ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు తొమ్మిదిమంది, తెలంగాణలో ఎనిమిదిమంది.

మా పిన్నికి ముప్ఫై నాలుగేళ్లకే తీసేశారు. ‘ఉంచుకుంటే క్యాన్సరవుతుంది, పిల్లలు పుట్టేశారు కదా, ఇంక దాంతో పనేముంది’ అన్నాడట డాక్టరు. బాబాయి ఖర్చంతా నోటుబుక్కులో రాశాడు. మత్తు డాక్టరు, రక్తం సీసాలు, గది అద్దె, ఆటో, వార్డుబాయి చేతిలో పెట్టిన యాభై, ఆఖరికి టీలు కూడా. పిన్ని గాజులు తాకట్టు పెడితే వచ్చిన డబ్బు ‘జమ’ అయింది, ఆమె పేరు లేకుండా. ఆమె పోగొట్టుకున్న మూడు నెలల కూలి అందులో లేదు. తోడున్న అమ్మమ్మ నిద్ర లేదు. వంటకోసం బడి మానేసిన చెల్లెలు లేదు. అండాశయాలు కూడా తీసేశారని పిన్నికి ఏడాది తర్వాత ఇంకో డాక్టరు చెబితే తెలిసింది. ఒంట్లో ఆవిర్లు, నడుంనొప్పి, కాల్షియం బిళ్లలు... ఆ పద్దు నోటుబుక్కు మూసేశాక మొదలైంది.

మరి ప్రభుత్వమే డబ్బు కడితే? 2007లో ఉమ్మడి రాష్ట్రంలో ఆరోగ్యశ్రీ వచ్చింది. ఎన్నో ప్రాణాలు నిలబెట్టింది, కాదనను. కానీ అది ప్రధానంగా ఆసుపత్రిలో చేర్చుకుని చేసే వైద్యానికి డబ్బిచ్చింది. రక్తస్రావానికి నెలల తరబడి వాడే మందులు, స్కానింగులు, బస్సు చార్జీలు ఆడమనిషి నెత్తినే. అంటే ఉంచుకోవడానికి డబ్బు కావాలి, తీయించుకుంటే ఉచితం. అప్పుడామె పెట్టిన వేలిముద్రను సమ్మతి అనొచ్చా?

అలాగని వాళ్లను అమాయకులనడం నాకిష్టం లేదు. ‘తెలిసే తీయించుకున్నా, నాట్లలో నెలనెలా ఆ యాతన ఎవరు పడతారు’ అన్నవాళ్లతో మాట్లాడాను. 2019లో మహారాష్ట్ర బీడ్ జిల్లా చెరకు కూలీల సంగతి బయటికొచ్చింది. ఒక్కరోజు పని మానితే జరిమానా. నెలసరే నష్టమైన చోట వాళ్లు లెక్క సరిగ్గానే వేసుకున్నారు. తప్పు లెక్కలో కాదు, వాళ్ల ముందు పెట్టిన ధరల్లో ఉంది.

2023 ఏప్రిల్‌లో అనవసర గర్భసంచి ఆపరేషన్ల మీద సుప్రీంకోర్టు కేంద్ర మార్గదర్శకాలను మూడు నెలల్లో అమలు చేయమని రాష్ట్రాలను ఆదేశించింది. మంచిదే. అది ఇకముందు జరగబోయేవాటి సంగతి. ఇప్పటికే అయిపోయినవాళ్లు మందులషాపులో నెలనెలా కట్టే బిల్లు ఏ పద్దు కింద రాయాలి?