పని చేయనివానికి అన్నము పెట్టవచ్చునా?

మన సంఘములలో ఏ పెద్దను ఈ ప్రశ్న అడిగినను జవాబు వెంటనే దొరకును. పౌలు థెస్సలొనీకయులకు వ్రాసిన రెండవ పత్రిక మూడవ అధ్యాయము తీసి, పని చేయనొల్లనివాడు తినకూడదని అపొస్తలుడే ఆజ్ఞాపించెను గదా, ఇక విచారణ యెందుకు, అందురు. ఆ మాట సత్యమే. అయితే దానిని నిదానముగా చదువవలెను. అపొస్తలుడు అక్కడ గద్దించినది పని దొరకనివానిని కాదు, పని చేయ మనస్సు లేక ఇంటింటికి తిరుగుచు పరుల జోలికి పోవువానిని. ఒల్లనివాడు ఒకడు, నోచుకొననివాడు మరియొకడు. ఈ యిద్దరిని ఒకే త్రాసులో తూచుట చేతనే లోకమందు పేదవారికి ఎంతో అన్యాయము జరిగినది.

ఈ సంగతి ఇప్పుడు వ్రాయుటకు కారణమున్నది. అనేక దేశములలో పని పోయినవానికి, పని దొరకనివానికి, ప్రభుత్వము కొంతకాలము నెలనెల పైకమిచ్చు ఏర్పాటు కలదు. దానిని నిరుద్యోగ భృతి అందురు. మన ఆంధ్ర ప్రదేశములో 2018 అక్టోబరులో చదువుకొనిన నిరుద్యోగులకు నెలకు 1,000 రూపాయల చొప్పున అట్టి భృతి ఇయ్య మొదలుపెట్టిరి. మరుసటి సంవత్సరము ప్రభుత్వము మారగా అది నిలిచిపోయెను. ఇట్టి సొమ్ము పుచ్చుకొనువాడు దానికి బదులు ఏదైన పని చేయవలెనా? లేదా క్రొత్త పని నేర్చుకొనవలెనా? ఆ షరతుకు లోబడనియెడల సొమ్ము ఆపివేయవచ్చునా? రచ్చబండ దగ్గర యువకులు దీనిని గూర్చి వాదించుకొనుట మీరును వినియుందురు. ఊరక ఇచ్చిన సోమరులగుదురని కొందరు, ఆకలిగొన్నవానికి షరతు పెట్టుట పాపమని కొందరు.

లేఖనములలో ఈ ప్రశ్నకు మిక్కిలి దగ్గరగా వచ్చునది పరిగె ఏరుకొను ధర్మమని నేను తలంచుచున్నాను. లేవీయకాండము 19వ అధ్యాయములో పొలము గలవానికి ఒక ఆజ్ఞ ఉన్నది. అతడు చేని అంచులు పూర్తిగా కోయరాదు, రాలిన వెన్నులు ఏరుకొనరాదు. అవి బీదలకును పరదేశులకును విడువవలెను. చదువరులారా, ఇక్కడ బీదవాడును పని చేయవలసినదే. వెన్నులు అతని ఇంటికి నడచి రావు. ఎండలో వంగి ఏరుకొని, దులుపుకొని, మోసికొని పోవలెను. అయితే షరతు మొదట ఎవరి మీద పడినది? బీదవాని మీద కాదు, పొలము గలవాని మీద. అంచులు విడువనివాడు, ఏరుకొనుటకు రాలేదేమని బీదవానిని తప్పుపట్టజాలడు.

రూతు కథ చూడుడు. ఆమె సాయంకాలమువరకు ఏరుకొనెను. బోయజు తన పనివారితో, పనలలోనుండి కొన్ని పిడికిళ్లు కావలెనని జారవిడువుడని చెప్పెను. ఆమెను అవమానపరచకుడనియు చెప్పెను. రెండవ మాట నాకు మొదటిదానికంటె గొప్పదిగా తోచును. ఇంటిలోనున్న ముసలి నయోమిని పొలమునకు రమ్మని ఎవరును పిలువలేదు. రూతు తెచ్చినదే ఆమె తినెను.

మన ప్రభువు చెప్పిన ద్రాక్షతోట ఉపమానము మనము సాధారణముగా కృపను గూర్చి బోధించుటకు వాడుదుము, అది యుక్తమే. అయితే కూలికి పోయి బ్రదుకువారు ఆ కథ విన్నప్పుడు మొదట పట్టుకొనునది వేరొకటి. సాయంకాలము ఇక ఒక గంట మిగిలియుండగా ఇంకను సంతలో నిలిచియున్నవారిని యజమానుడు, ఏల ఊరక నిలిచితిరని అడిగెను. ఎవరును మమ్మును కూలికి పెట్టుకొనలేదని వారు చెప్పిరి. ఆయన వారిని సోమరులని తిట్టలేదు, వారి మాట నమ్మెను. పని ఇచ్చెను, ఆ పూట కుటుంబము తినుటకు చాలినంత కూలియు ఇచ్చెను.

ఆది సంఘము ఈ విషయములో ఏమి చేసెనో తెలిసికొనుటకు ఒక పాత గ్రంథము మనకున్నది. పండ్రెండుగురు అపొస్తలుల బోధ అను చిన్న పుస్తకము అనేక శతాబ్దములు కనబడక పోయి, 1873లో కాన్‌స్టాంటినోపులులో దొరికి, 1883లో అచ్చుపడెను. పరదేశియైన విశ్వాసి వచ్చినయెడల ఏమి చేయవలెనో దాని పండ్రెండవ అధ్యాయములో ఉన్నది. దారిన పోవువాడైతే రెండు మూడు దినములు ఆదరించి పంపవలెను. నిలిచిపోగోరువాడు, చేతిపని తెలిసినవాడైతే, పని చేసికొని తినవలెను. ఏ పనియు తెలియనివాడైతే? అతనిని వెళ్లగొట్టుడని చెప్పలేదు. సంఘమే తన బుద్ధి నుపయోగించి అతడు ఊరక కూర్చుండకుండ బ్రదుకు మార్గము చూడవలెను. అటువంటి ఏర్పాటునకు ఒప్పుకొననివానిని గూర్చి మాత్రము, వాడు క్రీస్తు పేరు అమ్ముకొని బ్రదుకువాడు, జాగ్రత్తపడుడని హెచ్చరించెను. వరుస గమనించుడి. మొదట ఆదరణ, తరువాత పని చూపుట, ఆ తరువాతనే గద్దింపు. ఆ వరుస తలక్రిందులైనప్పుడు ఏమి జరుగునో చరిత్రలో చూడవచ్చును.

1834లో ఇంగ్లాండు దేశమున బీదల చట్టమును మార్చిరి. సహాయము కావలసిన దేహదారుఢ్యము గలవాడు పని-గృహములో చేరవలెను. ఆ గృహములోని బ్రదుకు బయటి కడపటి కూలివాని బ్రదుకుకంటె హీనముగా ఉండవలెనని సూత్రము పెట్టిరి. భార్యాభర్తలను విడదీసిరి, బిడ్డలను వేరుచేసిరి. రాళ్లు పగులగొట్టించిరి, పాత త్రాళ్లు విప్పించిరి. ఆండోవరు అను ఊరి పని-గృహములో ఎముకలు పొడిచేయు పనికి పెట్టినవారు ఆకలికి తాళలేక ఆ ఎముకలలోని మూలుగను పీల్చుకొని తినిరని 1845లో బయటపడినప్పుడు ఆ దేశమంతయు సిగ్గుపడెను. అక్కడ పని బీదవానిని నిలువబెట్టుటకు పెట్టినది కాదు, అతడు మరల అడుగకుండ బెదరించుటకు పెట్టినది. బైబిలు చదువు దేశములోనే ఇది జరిగినదని మరువరాదు.

మన ప్రాంతములోను అటువంటి దినములు వచ్చినవి. మన పెద్దలు ధాత కరవు అని చెప్పుకొనిన 1876-78 కరవులో మద్రాసు రాజధానిలో లక్షలాది జనులు చనిపోయిరి. ప్రభుత్వము కరవు పనులు పెట్టెను. సర్ రిచర్డ్ టెంపుల్ అను అధికారి 1877లో వచ్చి ఖర్చు తగ్గింపజూచెను. 1874లో బీహారు కరవులో ధారాళముగా ఖర్చు చేసి జనులను బ్రదికించినందుకు నింద పొందినవాడు ఆయనే. ఈసారి ఆ నింద తనకు రానియ్యలేదు. దినమంతయు మట్టి మోసిన పురుషునికి ఒక పౌను ధాన్యము, అనగా సుమారు 450 గ్రాములును, ఒక అణాయు కూలిగా నియమించెను. మద్రాసు ఆరోగ్యాధికారియైన డాక్టర్ కార్నిష్, ఇది పని చేయు శరీరమునకు చాలదని గట్టిగా ఎదురాడెను. కొన్ని నెలలకు కూలిని కొంత పెంచిరి గాని అప్పటికే అనేకులు పోయిరి. పని చేయించి, ఆ పనికి చాలినంత తిండి పెట్టకపోవుటను షరతు అనరాదు. దానికి వేరే పేరున్నది.

ఆ కరవులోనే ఒంగోలులో నున్న అమెరికా బాప్టిస్టు మిషనెరీ క్లౌ దొరగారు మరియొక విధముగా చేసెను. అప్పుడు బకింగ్‌హాం కాలువ త్రవ్వుచుండిరి. ఆయన యౌవనమున భూమి కొలతల పని నేర్చినవాడు. కాలువలో మూడు నాలుగు మైళ్ల భాగమును తానే కంట్రాక్టుగా పుచ్చుకొని, ఆకలితో చచ్చుచున్న వేలమందిని పనిలో పెట్టెను. వారిలో ఎక్కువమంది మాదిగలు, చర్మపు పని తప్ప మట్టిపని ఎరుగనివారు. పార పట్టుట అక్కడనే నేర్చుకొనిరి. వారిపై మేస్త్రీలుగా పరాయివారిని గాక తన బోధకులనే నియమించెను. ఇదియు పనితోడి సహాయమే, టెంపుల్ పెట్టినదియు పనితోడి సహాయమే. ఎక్కడ వేరుపడినవో మీకు తెలియుచున్నది గదా.

మరియొక సంగతి. కరవు కాలమంతయు, ఒక సంవత్సరమునకు పైగా, ఆయన ఎవరికిని బాప్తిస్మమియ్యలేదు. అన్నము కొరకు క్రీస్తును ఒప్పుకొనిరను మాట రాకూడదనియు, ఒప్పుకొనినగాని అన్నము దొరకదని ఎవరును తలంచకూడదనియు అట్లు చేసెను. సహాయపు పని ముగిసిన తరువాతనే, 1878 జూలై 3వ తేదిన గుండ్లకమ్మ యొడ్డున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. కూలికి పని షరతు పెట్టినవాడే, కూటికి మతము షరతు పెట్టుటకు ఒప్పుకొనలేదు.

ఇక మన కాలమునకు వత్తము. 2005లో ఢిల్లీ పార్లమెంటు గ్రామీణ ఉపాధి హామీ చట్టము చేసెను. 2006 ఫిబ్రవరి 2న అనంతపురము జిల్లా బండ్లపల్లిలో ఆ పథకమును ప్రారంభించిరి. మన పల్లెలలో దానిని నేటికిని కరవు పని అనియే పిలుచుదురు; ధాత కరవు నాటి మాట నోటిలో నిలిచిపోయినది. ఆ చట్టమును చేసినవారికి పరిగె ధర్మము తెలియునో లేదో గాని, అందులో ఆ న్యాయమే ఉండెను. అడిగిన 15 దినములలో పని చూపవలెను. చూపనియెడల భృతి ఇయ్యవలెను, మొదటి 30 దినములు కూలిలో నాలుగవ వంతుకు తక్కువ కాకుండ, ఆ తరువాత సగమునకు తక్కువ కాకుండ. పని చూపినప్పటికిని రానివానికి మూడు నెలలు భృతి లేదు. ఇది నాకు నీతిగా కనబడుచున్నది. ప్రభుత్వమునకు గడువు, కూలివానికిని గడువు. అయితే కార్యములో ఏమాయెను? కూలివాని గడువును అందరు ఎరుగుదురు. ప్రభుత్వపు గడువు తప్పినందుకు భృతి అందుకొనినవారు బహు అరుదు.

క్రొత్త పని నేర్చుకొనవలెనను షరతును గూర్చి నాకు మరికొంత సందేహమున్నది. నేర్చుకొనుట మంచిదే. ఇరువది యేండ్లవాడు కరెంటు పనియో మోటారు పనియో నేర్చుకొన నొల్లక ఊరక సొమ్ము కోరినయెడల, అతనికి షరతు పెట్టుట తండ్రి కుమారునికి చేయు ఉపకారమువంటిది. కాని మరమగ్గము వచ్చి చేమగ్గము మూలబడిన ఏబది యేండ్ల నేతగానిని మూడు నెలలు కంప్యూటరు ముందు కూర్చుండబెట్టుట ఎవరికి మేలు? అతని చేతులలో నలువది యేండ్ల విద్య ఉన్నది. నేను తిరుగు గ్రామములలో ఒకదానిలో, కుట్టుపని నేర్చుకొనినట్టు పొందిన యోగ్యతాపత్రములను అద్దము కట్టించి గోడలకు వ్రేలాడదీసిన ఇండ్లు ఆరేడు చూచితిని. కుట్టుమిషను ఒక ఇంటను లేదు. నేర్పినవారికి నేర్పిన లెక్క చెల్లినది; నేర్చినవారు మిరపకాయలు కోయ పోవుచున్నారు. నేర్పిన పనికి గిరాకి యెక్కడనో ముందుగా చూపని శిక్షణ, అంచులు విడువని పొలమువంటిది.

షరతుకు లోబడనివానికి ఎంతవరకు తగ్గింపవచ్చును? జర్మనీ దేశములో ఈ ప్రశ్న పెద్ద న్యాయస్థానమువరకు పోయెను. అక్కడి చట్టము ప్రకారము, చూపిన పనిగాని శిక్షణగాని తిరస్కరించినవానికి భృతిలో మొదట నూటికి 30 వంతులు, మరల చేసిన 60 వంతులు, ఆపైన పూర్తిగా కోయుచుండిరి. 2019 నవంబరు 5న వారి రాజ్యాంగ న్యాయస్థానము, పని కోరుట తప్పు కాదు గాని, 30 వంతులకంటె ఎక్కువ కోయుట ఆ చట్టమున్న రీతిలో రాజ్యాంగమునకు విరుద్ధమని తీర్పు చెప్పెను; ఆ 30 వంతులైనను ఒక్కొక్కని కష్టము విచారింపకనే కోయరాదనెను. మనుష్యుడు తప్పు చేసినంత మాత్రమున మనుష్యుడు కాకపోడు గదా. థెస్సలొనీక పత్రికలోను అపొస్తలుడు, మాట విననివానిని శత్రువుగా ఎంచక సహోదరునిగా ఎంచి బుద్ధిచెప్పుడనియే ముగించెను. పదియవ వచనమును కంఠస్థము చేసినవారు పదునైదవ వచనమువరకు చదువుట అరుదు.

ఇంత చెప్పినను, అయ్యా, మీరు సోమరులను వెనుకవేసికొని వచ్చుచున్నారని ఎవరైన అనవచ్చును. లేదు. భృతి సొమ్ము ఆకాశమునుండి రాలదు. తెల్లవారుజామున లేచి నాట్లు వేయబోవు స్త్రీ సబ్బుబిళ్ల కొనినను అందులో పన్ను కట్టుచున్నది. ఆమె చెమటలో భాగము పుచ్చుకొనువాడు, తన చేతనైనది చేయుట ఆమెకు బాకీపడియున్నాడు. పని షరతునకు నేను ఒప్పుకొనుట ఈ కారణముచేతనే. బీదలను అదుపులో పెట్టవలెనని కాదు. కనుకనే ఆ పని నిజమైన పనిగా ఉండవలెను. త్రవ్విన గుంటనే మరల పూడ్పించినయెడల ఆ స్త్రీకి బాకీ తీరదు, చేసినవానికి గౌరవమును ఉండదు.

మా పాస్టరేటులో కోతపండుగ కానుకలనుండి బీదల నిధికి కొంత తీసియుంచుదుము. దానిని ఎట్లు ఇయ్యవలెనని పోయిన సంవత్సరము పెద్దలు కూర్చుండి చాలసేపు మాటలాడిరి. వృద్ధులకు, రోగులకు, పసిబిడ్డల తల్లులకు ఏమియు అడుగక ఇయ్యవలెనని త్వరగానే తేలెను. బలముగలవారికి గుడి ఆవరణపు గోడ కట్టుటయు బావి పూడిక తీయుటయు పనిగా చూపి, ఊరిలో నడచు కూలియే ఇచ్చి, ధర్మము అను మాట ఎవరును ఎత్తకూడదని నిర్ణయించిరి. చిక్కు ఒక్కని విషయములో వచ్చెను. అతడు త్రాగుబోతు, రెండుసార్లు పిలిచినను రాలేదు. అతనికి ముగ్గురు చిన్నబిడ్డలు. ఆపివేయవలెనని కొందరు, బిడ్డలేమి చేసిరని కొందరు. కడకు బియ్యమును అతని భార్య చేతికి ఇచ్చుటకు ఒప్పుకొనిరి. అందుకు అతడు కోపించి పెద్దల ఇంటి ముందర కేకలు వేసెను. బియ్యము మానలేదు. బావి పూడికలో అతని వంతు పని ఇంకను అతని పేరనే ఉంచియున్నారు.