అతిథి ధర్మము

కుప్పమునుండి పలమనేరు, పుంగనూరుల మీదుగా మదనపల్లెకు పోవు బాటసారికి, ఎండ ముదిరినకొలది కొండగాలి మీదికి మనసు పోవుట సహజము. మేమును బడి సెలవులలో ఏటేట అట్లే పోవుచుందుము. మదనపల్లెకు సుమారు 30 కిలోమీటర్ల దూరమున, 4,100 అడుగులకు పైబడిన ఎత్తున నున్న హార్స్లీ కొండ మా గమ్యస్థానము. ఇరువదియేండ్ల క్రిందట మేము చూచిన కొండ వేఱు. నేడు చూచుచున్న కొండ వేఱు. ఆ కాలమున సాయంసమయమున గాలిబండపై నిలిచితిమేని గాలిచప్పుడు తప్ప మఱేమియు వినబడెడిది కాదు. ఇప్పుడో, మోటారుల కూతలును, పాటల హోరును, ఛాయాపటములు తీసికొనువారి త్రోపులాటయు!

"ఈ కొండ చెడిపోయినది" అని మొన్నటి వేసవిలో పైకే యంటిమి. ప్రక్కను వేరుసెనగకాయలమ్ము ముసలమ్మ యొకతె ఆ మాట వినెను. పోయినప్పుడెల్ల ఆమెయొద్దనే కొనుట మా యలవాటు. ఆమె నవ్వి యిట్లనెను: "ఏమయ్యోరా, చెడిపోయిందంటిరే, జనం రాకుంటే నా చెనిక్కాయలు ఎవురు తింటారు? ఇన్నేండ్లుగా వస్తావుండారు, మల్లమ్మ గుడి యాడుందని వొకనాడన్నా అడిగితిరా?"

మేము నిరుత్తరులమైతిమి. ఇతరులు వచ్చుట కొండకు చేటు, మనము వచ్చుట మాత్రము కొండపై ప్రేమ అని యనుకొనుట న్యాయమా? ఈ కొండకు మొదటి పేరు ఏనుగు మల్లమ్మ కొండ. ఏనుగులు పెంచిన మల్లమ్మ యను బాలిక ఇచటి చెంచులకు కష్టములలో తోడ్పడెనని స్థలకథ. 19వ శతాబ్దమున కడప కలెక్టరుగా నుండిన హార్స్లీ దొర చల్లదనమునకై యిచట ఇల్లు కట్టుకొనెను. పిమ్మట కొండయే ఆయన పేరిటిదయ్యెను. మదనపల్లె ప్రాంతము 1911లో చిత్తూరు జిల్లాలో చేరినది; కడప కలెక్టరుకు ఆ కొండతో పని తీఱినను ఆయన పేరు మాత్రము పోలేదు. అనగా, మేము చెడనికొండ యని తలచినది సయితము ఒక యాత్రికుడు మార్చిన కొండయే.

ఈ భ్రాంతి మా యొక్కరిదే కాదు. టిబెట్టునందలి లాసా నగరము బయటివారికి ప్రవేశము దుర్లభమై చిరకాలము రహస్యనగరమని పేరొందెను. 2006లో అచటికి రైలు వచ్చెను. ఆ రైలు దిగినవారే బజారు పెరిగెనని, పూర్వపు ప్రశాంతి పోయెనని వగచుచుందురు. తాము చూచుటకై ఇతరులు పేదలుగనే యుండవలెనని కోరుట సౌందర్యప్రియత్వము కాదు, స్వార్థము.

అట్లయిన, వచ్చు మార్పునెల్ల మంచిదనవలసినదేనా? అదియు సరికాదు. అతిథిని దేవునిగా చూడవలెనని తైత్తిరీయోపనిషత్తు చెప్పును. ఆ మాట విద్య ముగించి ఇంటికి పోవు శిష్యునితో గురువు చెప్పినది. అనగా గృహస్థు కానున్నవానికి చెప్పినది. పొరుగూరికి పోయి "మేము దేవుళ్లము, మాకు పూజ చేయుడు" అనుమని అది అతిథికి చెప్పినది కాదు. అదియునుగాక, తిథినియమము లేక వచ్చి యొక రాత్రి నిలుచువాడే అతిథి యని పెద్దలందురు. తిథి నిర్ణయించుకొని, గదికి ముందే సొమ్ము చెల్లించి వచ్చు మనము అతిథులము కాము, కొనుగోలుదారులము. కొనుట తప్పు కాదు. గది మనము కొన్నదే. నిశ్శబ్దము మనము కొన్నది కాదు, అది అందఱిది. దానిని పాడుచేయుటకు రూకలిచ్చినవానికి సయితము అధికారము లేదు.

పుంగనూరు ఆవును చూడుడు. సుమారు మూడడుగుల ఎత్తుండు ఆ జాతి కొలది మేతతో పేదరైతు నింటిలో బ్రదికినది. నేడు ధనికులు ముద్దుకై దానిని కొనిపోవుచున్నారు. ధర పెరుగుట రైతునకు మేలే. కాని దానిని ఇంటి యలంకారముగ మాత్రమే యెఱిగినవాడు ఆవును ఎఱిగినవాడు కాడు. ఊరిని చిత్రముగ మాత్రమే చూచినవాడును అట్టివాడే.

యాత్రికుడెట్లుండవలెనో మదనపల్లెకు తెలియును. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ టాగూరు ఇచటి దివ్యజ్ఞాన కళాశాలలో జేమ్సు కజిన్సుగారి యతిథిగా కొన్నిదినములుండెను. విద్యార్థులకు జనగణమన గీతము పాడి వినిపించి, దానిని తానే ఆంగ్లమునకు అనువదించెను. మార్గరెట్ కజిన్సుగారు దాని వరుసను స్వరములలో వ్రాసి నిలిపిరి. ఆయన విశ్రాంతికై వచ్చి ఊరికొక పాట నిచ్చిపోయెను.

అందఱము టాగూరులము కాజాలము. కాని తెచ్చినచెత్తను మరల తీసికొనిపోవచ్చును, స్థలము పేరడుగవచ్చును, అచటివారి మాట వినవచ్చును. ఇవి స్వల్పములే, అయినను మాకు ఇరువదియేండ్లు పట్టినవి.

ఆ సాయంకాలము గాలిబండను విడిచి, ముసలమ్మ చూపిన దారిని మా పిల్లలతో మల్లమ్మ గుడికి పోయితిమి. కొండపై జనము తగ్గలేదు, హోరు తగ్గలేదు. కాని మరునాడు దిగివచ్చునప్పుడు, కొండ చెడిపోయినదను మాట మా నోట రాలేదు.