వెంట వచ్చే ఇల్లు

ఇంటిని నాలుగు రోజులు మరిచిపోదామని ప్రయాణం పెట్టుకుంటాం. ఈసారి మావారు ఇంటినే చక్రాల మీద తెచ్చారు! మంచాలు, గ్యాసు పొయ్యి ఉన్న అద్దె కారవాన్. అంటే వంటిల్లూ నా వెంటే వచ్చిందన్నమాట.

బెజవాడ నుంచి ఉయ్యూరు, పామర్రు, చల్లపల్లి మీదుగా హంసలదీవికి బయల్దేరాం. దారిపొడుగునా కాలవలు, వరిచేలు. 1855 నాటి ఆనకట్టా, దాని స్థానంలో 1957లో వచ్చిన ప్రకాశం బ్యారేజీ చలవే ఈ పచ్చదనమంతా అనుకున్నాను.

హంసలదీవి దగ్గర బండి ఆపాం. పక్కింటి ముసలావిడ లోపలికి తొంగిచూసి, "మీకేం తల్లీ! ఇల్లే మీ వెంట వస్తుంది. మా ఇల్లు ఉప్పెన వెంట పోయింది" అంది.

1977 నవంబరు 19. దివిసీమలో వేలమందిని సముద్రం పొట్టన పెట్టుకున్న రోజు.

"మరి మళ్ళీ ఇక్కడే కట్టుకున్నావేం, పెద్దమ్మా?"

"ఇంకెక్కడ కట్టుకుంటాం? చేను మా వెంట రాదుగా!"

నాకు సిగ్గేసింది. బంధాలు తెంచుకుని వెళ్ళిపోవడమే స్వేచ్ఛ అని నా నాయికల చేత ఎన్నిసార్లు చెప్పించానో! పచ్చదనానికి నీళ్ళొక్కటే చాలవు. ఉప్పెన ముంచిన నేలను వదలని మనుషులూ కావాలి. వాళ్ళు కదలకుండా ఉన్నారు కనకే మనం చూడ్డానికి కదులుతున్నాం. అయితే గతిలేక ఉండిపోవడాన్ని మమకారమని పొగిడి చేతులు దులుపుకోవడం మాత్రం న్యాయమా, చెప్పండి?

ఆ రాత్రి గాలి హోరెక్కింది. "కోడూరు వెళ్ళిపోదాం" అన్నారు మావారు. క్షణంలో మా ఇల్లు కదిలింది.

వెనక్కి తిరిగి చూశాను. పెద్దమ్మ వాకిట్లో దీపం అక్కడే వెలుగుతోంది.