మునిమనుమడికి దొర పేరు

మా తమ్ముడి బిడ్డకు కొడుకు పుట్టాడు. ఆమెను ఇచ్చింది కాకినాడ దగ్గర పల్లెకు. అల్లుడి తాతగారి పేరు దొరబాబు. ఆ పేరే పెట్టుకుంటామని, అయితే చివర 'బాబు' లేకుండా ఉత్త 'దొర' అని రాయిస్తామని అల్లుడు ఫోన్లో చెప్పాడు. "మీకేమైనా అభ్యంతరమా, పెదమావయ్యగారూ?" అని కూడా అడిగాడు. గోదావరి జిల్లాల్లో అది ముద్దుపేరు. ఆనకట్ట కట్టించిన ఆర్థర్ కాటన్‌ను కూడా అక్కడి రైతులు కాటన్ దొర అనే తలుచుకుంటారు. మాది పాత కరీంనగర్ జిల్లా, జగిత్యాల వైపు. మా దగ్గర ఆ మాట వెనక దొర కోటలాంటి ఇల్లు, గడి, దాని గోడలున్నాయి, కూలి లేని వెట్టి ఉంది. వద్దని చెప్పడానికే నేను నిశ్చయించుకున్నాను.

నన్ను ఆపింది మా అమ్మ. ఎనభై దాటిన మనిషి. ఊహ తెలిసిన నాటి నుంచి గడి బట్టలు ఉతికి మోసిన మనిషి. "పెట్టుండ్రి. నా మునిమనుమణ్ని లోకమంత దొరా అని పిలువాలె" అంది. అప్పటి నుంచి నాకు మనసు కుదుటపడటం లేదు. ఆ మాట కింద నలిగినామె కావాలంటున్నప్పుడు, ఆమె కొడుకుగా చదువుకొని బయటపడిన నాకు వద్దనే హక్కు ఎక్కడిది? హక్కు లేదనుకుందాం. అయినా నా మనసు ఎందుకు ఒప్పుకోవడం లేదు?

పేరు పెద్దదైతే మర్యాద దానంతట అదే వస్తుందన్న నమ్మకం మా జిల్లాలో ఎప్పుడో ఓడిపోయింది. వేములవాడ రాజన్న మా ఇలవేల్పు. రాజరాజేశ్వరుడు, రాజులకే రాజు. ఆయన పేరు మీద ఇంటింటా ఒక రాజయ్యో, రాజేశమో, రాజవ్వో ఉంటారు. అంటే మా పేదజనం పిల్లలకు ఎన్నో తరాలుగా పెడుతున్నది రాజు పేరే. మా తాత పేరులోనూ రాజు ఉన్నాడు. గడి గుమ్మం దగ్గరికి వచ్చేసరికి ఆ రాజు 'రాజిగా' అయ్యేవాడు. మల్లయ్య మల్లిగాడు, ఎల్లయ్య ఎల్లిగాడు అయినట్టే.

నాకు ఎనిమిదేళ్లున్నప్పుడనుకుంటా, తాత వెంట గడికి పోయాను. చెప్పులు మూలమలుపులోనే విడిచాడు. తలకు చుట్టిన రుమాలు తీసి నడుముకు కట్టుకున్నాడు. భుజాన ఉతికిన బట్టల మూట. అరుగు మీద ఒక పిల్లవాడు కూర్చుని కాళ్లూపుతున్నాడు. నాకంటే చిన్నవాడు, చేతిలో బిస్కెట్టు. "రాజిగా, నా చెప్పూడింది, తొడుగు" అన్నాడు. తాత మూట దించకుండానే వంగబోయాడు. మూట జారి, గంజి పెట్టిన ధోవతి ఒకటి మట్టిలో పడింది. ఆ ధోవతి మళ్లీ చెరువుకు పోవాలి, మళ్లీ ఉతకాలి, మళ్లీ గంజి పెట్టాలి. తాత దానివైపు చూడనే లేదు. పిల్లవాడి ఎడమ పాదం చేతిలోకి తీసుకున్నాడు. ఆ చెప్పుకు చిన్న ఇనుప బకిల్ ఉంది. సౌడుకు పగిలి, నీళ్లలో నాని బండబారిన వేళ్లు తాతవి. వాటికి ఆ బకిల్ చిక్కడం లేదు. పట్టీని ఒకసారి తప్పు కంతలోకి దూర్చాడు, తీశాడు, మళ్లీ దూర్చాడు. "అయిపాయె చిన్నదొరా, అయిపాయె నీ బాంచెన్" అని అంటూనే ఉన్నాడు. పిల్లవాడికి కోపమేమీ లేదు. బిస్కెట్టు నములుతూ నన్ను చూసి నవ్వాడు. నేనూ నవ్వాను.

తిరిగి వస్తూ దారిలో అడిగాను.

"తాతా, ఆ పిలగాని పేరేంది?"

"చిన్నదొర."

"అది గాదు, అసలు పేరు?"

"ఉంటదిరా ఏదో. మనకెందుకు?"

ఆ పిల్లవాడి పేరు నాకు ఈనాటికీ తెలియదు. మా వాడకట్టులో ఎవరికీ తెలిసి ఉండదు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లు ఈ సంగతి తలపుకు రాలేదు, ఇప్పుడు వస్తున్నది. హోదా వచ్చి కూర్చున్న చోట పేరు మిగలదు. మా తాత పేరును గడి విరిచేసింది, ఆ పిల్లవాడి పేరును అదే గడి మింగేసింది. రెండూ సమానమని నేనెన్నడూ అనను. ఒకరు కాలు చాపారు, ఒకరు వంగారు. కానీ రేపు మా ఇంటి పసివాణ్ని దొర అని పిలిస్తే, వాడికి నిజంగా పేరు పెట్టినట్టా, పెట్టకుండా వదిలేసినట్టా?

1978 సెప్టెంబరులో రైతుకూలీల జగిత్యాల జైత్రయాత్ర జరిగింది. ఆ ఊపులో ఊళ్లకు ఊళ్లు దొరలకు సాంఘిక బహిష్కరణ విధించాయి. బట్టలు ఉతకం, గడ్డాలు గీయం, పొలం దున్నం అన్నారు. అక్టోబరుకల్లా జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను ప్రభుత్వం కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. దొరలు ఒక్కొక్కరే పట్నం దారి పట్టారు. 'రాజిగా' పోయి 'రాజన్నా' వచ్చింది అప్పుడే. తాత పేరు మారలేదు, పిలిచే నోరు మారింది. అది కూడా చేతులు పని ఆపితే మారింది. కాబట్టి పసివాడికి దొర అని పేరు పెట్టి చరిత్రను తిరగరాస్తామనుకోవడం నాకు ఊరటగా తోస్తుందే తప్ప న్యాయంగా తోచదు.

పిలిచే నోటితో పోరాటం మా ఊళ్లకే పరిమితం కాదు. 1963లో అమెరికాలో, అలబామా రాష్ట్రంలోని గాడ్స్‌డెన్ కోర్టులో మేరీ హామిల్టన్ అనే నల్లజాతి యువతిని ప్రాసిక్యూటరు ఒట్టి 'మేరీ' అని పిలిచాడు. తెల్లవాళ్లనైతే మిస్టర్, మిస్ అనేవారు. మిస్ హామిల్టన్ అంటే తప్ప జవాబివ్వనని ఆమె భీష్మించింది. కోర్టు ధిక్కారమని అయిదు రోజుల జైలు, యాభై డాలర్ల జరిమానా వేశారు. మరుసటి ఏడు సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టేసింది. ఆమె కొత్త పేరు పెట్టుకోలేదు. ఎదుటివాడి నోటి నుంచే ఆ మర్యాద రావాలని పట్టుబట్టింది. మా తాతకు దక్కవలసింది అది. పసివాడి పేరుతో ఆ బాకీ తీరదు.

ఇంతవరకు నా వాదం గట్టిదేననుకున్నాను. అంతలో గంటందొర, మల్లుదొర గుర్తొచ్చారు. మన్యంలో అల్లూరి సీతారామరాజు వెంట తెల్లదొరల మీద తిరగబడినవాళ్లు. మల్లుదొర 1952లో లోక్‌సభకు కూడా ఎన్నికయ్యాడు. కొండదొరలు అక్కడ ఒక గిరిజన తెగ. వాళ్ల నోట దొర అంటే కొండ మీద తల ఎత్తుకు నిలబడ్డ మనిషి. మరి ఆ మాట మాకు గాయమైనంత మాత్రాన లోకానికంతా గాయమేనని అల్లుడికి ఏ ముఖంతో చెప్పను?

చట్టాలను అడిగి లాభం లేదు. న్యూజీలాండ్‌లో కింగ్, ప్రిన్స్ వంటి హోదా పేర్లు పిల్లలకు పెడతామంటే రిజిస్ట్రార్ ఒప్పుకోడు. మన రాజ్యాంగం పద్దెనిమిదో అధికరణ రాజ్యం బిరుదులివ్వకూడదంది, అవ్వ తన మునిమనుమడికి ఇవ్వకూడదనలేదు.

చివరికి అమ్మనే అడిగాను. "అవ్వా, నలుగురు వాణ్ని దొరా అంటే నీకేమొస్తది?"

చాలాసేపు పలకలేదు. తర్వాత అంది: "నలుగురు ఏమన్ననీ బిడ్డా. ఆ మాట నా నోట్లకెల్లి ఎప్పుడచ్చినా భయంతోనే అచ్చింది. సచ్చేలోపల ఒక్కపాలన్న ముద్దుగ అనుకోనీయి."

నేను ఇన్నాళ్లు లోకం నోటి గురించి వాదించుకుంటున్నాను. ఆమె తన నోటి గురించి అడుగుతున్నది. నా వాదంలో దీనికి జవాబు లేదు. పసివాడు మా పాత బాధకు మందు కాదు, వాడి బతుకు వాడిది అని మనసు ఇంకా అంటూనే ఉంది. అది నిజమే. అమ్మ అడిగిందీ నిజమే.

మధ్యేమార్గం తమ్ముడు చెప్పాడు: అమ్మ ఉన్నంతకాలం ఇంట్లో దొర అందాం, కాగితంలో వేరే పేరు రాయిద్దాం. తొందరేమీ లేదు, జననమరణాల నమోదు చట్టం ప్రకారం పేరు లేకుండానే పుట్టుక నమోదు చేసి తర్వాత చేర్చవచ్చు. నాకు ఇది నచ్చలేదు. ఇంట్లో ఒక మాట, బయట ఒక మాట అన్నది మా వాళ్లు గడి కాలంలో బతికిన బతుకే. ఇంట్లో దొరను శపించి, బయట కాల్మొక్కేవాళ్లు. పెడితే కాగితం మీదనే పెట్టాలి. రేపు చదువుకు హైదరాబాద్ వస్తే బడిలో ఎవరో నవ్వుతారు, ఎన్నికలప్పుడు 'దొరల పాలన' అన్న తిట్టు వాడి చెవినా పడుతుంది. పడనీ.

అల్లుడికి ఫోన్ చేసి పెట్టుకోండి అన్నాను. వాణ్ని ఆ పేరుతో పిలవడం నావల్ల అవుతుందని మాత్రం అనుకోను. బిడ్డా అంటాను, నాన్నా అంటాను. వాడు ఎదిగాక ఒకనాడు, పెద్దతాత నా పేరు ఎందుకు పలకడని అడుగుతాడు. అప్పుడు వాణ్ని కూర్చోబెట్టి, ఎడమ కాలి చెప్పు, పగిలిన వేళ్లు, మట్టిలో పడ్డ ధోవతి అన్నీ చెబుతాను.